క్రైస్తవ చిహ్నాలు: అన్యమత మూలాల వివాదం

చేప, లంగరు, పావురం, గొర్రెను భుజాన వేసుకున్న కాపరి, సిలువ, పరిశుద్ధుల తల వెనక కాంతివలయం, డిసెంబరు పండుగ, ఈస్టర్ గుడ్డు. ఇవన్నీ క్రైస్తవ సమాజం ఇరవై శతాబ్దాల్లో తనవి చేసుకున్న గుర్తులు, ఆచారాలు. వీటిలో చాలావాటికి క్రైస్తవం కంటే ముందే మరో బతుకు ఉంది. అందుకే ఇవి గ్రీకు, రోమన్, ఈజిప్టు, సిరియా మతాల నుంచి ఎత్తుకొచ్చినవని, క్రైస్తవం పాత దేవతలకు కొత్త పేర్లు పెట్టుకుందని ఒక వాదం పుట్టింది. ఇది క్రైస్తవేతరుల విమర్శ అని చాలామంది అనుకుంటారు. చరిత్ర తిరగేస్తే ఈ వాదాన్ని అందరికంటే ఎక్కువకాలం, అందరికంటే తీవ్రంగా నడిపింది క్రైస్తవులే. అదీ తోటి క్రైస్తవుల మీద.

చర్చలో మూడు వేరువేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. ఫలానా ఆకారం క్రైస్తవులకు ముందే ఉందా? ఉంటే క్రైస్తవులు దాన్ని అక్కడి నుంచే తీసుకున్నారా? తీసుకుంటే పాత అర్థం కూడా వెంట వచ్చిందా? మొదటి ప్రశ్నకు చాలాసార్లు అవుననే చెప్పాలి. రెండోదానికి ఒక్కో చిహ్నానికి ఒక్కో జవాబు. మూడోదానికి అవునని నిరూపించగలిగిన సందర్భాలు మాత్రం అరుదు. మొదటి జవాబునే మూడోదానికి కూడా సరిపెట్టే పుస్తకాలు మాత్రం లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి.

ముద్దుటుంగరాలు, సమాధి రాళ్లు

క్రీ.శ. 200కు ముందు క్రైస్తవులదని కచ్చితంగా చెప్పగలిగే చిత్రకళ దాదాపు లేదు. ఆ తరాలవారు బొమ్మలే వాడలేదా, వాడినా అవి ఊరందరి బొమ్మల్లాగే ఉండి మనం పోల్చుకోలేకపోతున్నామా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆ కాలానికి సంబంధించి మిగిలిన విలువైన సాక్ష్యం ఒక సలహా. అలెగ్జాండ్రియాలో బోధకుడిగా ఉన్న క్లెమెంట్ తన ‘పెడగోగస్’ గ్రంథంలో క్రైస్తవులు ముద్దుటుంగరం మీద ఏ బొమ్మ చెక్కించుకోవచ్చో చెప్పాడు. ముద్ర లేనిదే ఉత్తరమూ పత్రమూ చెల్లని రోజులవి, ఉంగరం మానుకోమనడానికి వీల్లేదు. పావురం, చేప, గాలివాటున సాగే ఓడ, లైర్ అనే తీగవాద్యం, లంగరు పరవాలేదన్నాడు. విగ్రహాల ముఖాలు, కత్తి, విల్లు, మద్యపాత్ర కూడదన్నాడు.

క్లెమెంట్ కొత్త బొమ్మ ఒక్కటీ కనిపెట్టలేదు. ఉంగరాలు చెక్కేవాడి దుకాణంలో అప్పటికే ఉన్న నమూనాల్లోంచి ఏరుకోమన్నాడు. పైగా లైర్ గుర్తు పాలిక్రటీస్‌దని, లంగరు సెల్యూకస్ చెక్కించుకున్నదని ఆ అన్యరాజుల పేర్లు తనే చెప్పాడు. మూలం దాచాలన్న ఆలోచన ఆయనకు లేదు. చేప చూస్తే అపొస్తలుల్లో జాలరులు, నీళ్లలోంచి పైకి తీసిన పిల్లలు గుర్తుకు రావాలన్నదే ఆయన కోరిక. బొమ్మ బజారుది, చూపు విశ్వాసిది అన్న ఈ పద్ధతి తెలిస్తే తర్వాతి వివాదంలో సగం తేలికపడుతుంది.

చేప విషయం కొంచెం లోతుగా చూడాలి. యేసు క్రీస్తు, దేవుని కుమారుడు, రక్షకుడు అనే గ్రీకు మాటల మొదటి అక్షరాలు కూర్చితే చేపకు గ్రీకులో ఉన్న పేరు ‘ఇఖ్తుస్’ వస్తుంది. అక్షరాల కూర్పు ముందా, చేప గుర్తు ముందా అన్నది ఎటూ తేలని ప్రశ్న. రోమ్‌లో వాటికన్ ప్రాంతపు శ్మశానంలో దొరికిన లిసీనియా అమియాస్ సమాధి రాయి 3వ శతాబ్ది ఆరంభానిది. దాని మీద రెండు చేపలు, మధ్యలో లంగరు, పైన సజీవుల చేప అనే అర్థంలో గ్రీకు మాటలు, అన్నిటికీ మీద రోమన్లు మృతుల ఆత్మలకు సమర్పణగా చెక్కే ‘డి.ఎం.’ అక్షరాలు ఉన్నాయి. ఒకే రాతిమీద రెండు లోకాలు ఇరుగుపొరుగుగా ఉన్నాయి, చెక్కించినవారికి అదేమీ ఇబ్బంది అనిపించలేదు. దానికంటే కొంచెం ముందుది ఫ్రిజియాలోని అబెర్కియస్ సమాధి శాసనం. 1883లో విలియం రామ్సే దాని ముక్కలు కనుగొన్నాడు. ఊట నుంచి వచ్చిన చేపను రొట్టె, ద్రాక్షారసాలతో పాటు స్నేహితులకు వడ్డించడాన్ని అది వర్ణిస్తుంది.

ఆ చేప సిరియా దేవత అతర్గాతిస్ నుంచి వచ్చిందన్నది ఒక సిద్ధాంతం. ఆమె గుళ్లలో చెరువులు ఉండేవి, అందులోని చేపలను ఎవరూ తినేవారు కారు. ఉర్ఫా నగరంలోని కోనేటి చేపలను ఇప్పటికీ పట్టరు, అయితే అక్కడ నేడు చెప్పుకునే కథ అబ్రాహాముది. జర్మన్ పండితుడు ఫ్రాన్జ్ యోసెఫ్ డోల్గర్ 20వ శతాబ్ది మొదటి దశాబ్దాల్లో ఈ చేప మీదే అనేక సంపుటాలు రాశాడు. తినకూడని చేపకు, విందులో వడ్డించే చేపకు ఉన్న తేడాను దాటడం ఈ సిద్ధాంతానికి కష్టం. సువార్తల్లోనే ఐదు రొట్టెలు రెండు చేపలు, గలిలయ జాలరులు, ఒడ్డున నిప్పుల మీద కాల్చిన చేప ఉండగా సిరియా దాకా పోవలసిన అవసరం ఏముందన్నది ఇంకా సూటి ప్రశ్న.

లంగరుకు హెబ్రీయులకు రాసిన పత్రికలో ఆధారం ఉంది. అది సెల్యూసిడ్ రాజుల ముద్ర. యూదయను ఏలిన అలెగ్జాండర్ యన్నయ్ నాణేల మీదా అదే కనిపిస్తుంది. 4వ శతాబ్ది రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తర్వాత అది సమాధుల మీద కనుమరుగైంది. నెమలి సంగతి వేరు. గ్రీకు రోమన్లకు అది జూనో దేవత పక్షి, అసలు పుట్టిల్లు మన ఉపఖండం. నెమలి మాంసం కుళ్లదన్న నమ్మకం వల్ల అది అమరత్వానికి గుర్తయింది. ఈ నమ్మకాన్ని అగస్టీన్ కార్తేజ్‌లో స్వయంగా పరీక్షించాడు. వండిన నెమలి రొమ్ము మాంసం ముక్క దాచిపెట్టించి, ముప్ఫై రోజుల తర్వాత చూస్తే వాసన లేదనీ, ఏడాది తర్వాత కాస్త ఎండి ముడుచుకుందంతేననీ ‘దైవ నగరం’ గ్రంథంలో రాశాడు. అంతటి తత్వవేత్త వంటింటి ప్రయోగానికి దిగడం చదవడానికి ముచ్చటగా ఉంటుంది.

కాపరి, సూర్యుడు, కాంతివలయం

రూపం అరువు తెచ్చుకోవడం నిస్సందేహంగా జరిగింది కాపరి బొమ్మలో. ఏథెన్స్ అక్రోపొలిస్ మీద దొరికిన దూడను మోసే మనిషి విగ్రహం క్రీ.పూ. 6వ శతాబ్దిది. తనాగ్రా ఊరికి మహమ్మారి రాకుండా హెర్మీస్ దేవుడు పొట్టేలును భుజాన వేసుకుని కోట చుట్టూ తిరిగాడని పౌసేనియస్ రాశాడు. రోమన్ల కాలానికి ఆ రూపం నిర్దిష్టమైన దేవుడి పేరు వదిలేసి, పల్లెటూరి ప్రశాంతతకూ దయాగుణానికీ అలంకారంగా మారిపోయింది. క్రైస్తవులు అందుకున్నది ఆ దశలోని బొమ్మను. యోహాను సువార్తలోని మంచి కాపరిని, లూకా సువార్తలోని తప్పిపోయిన గొర్రెను చిత్రించమంటే ఏ చిత్రకారుడైనా తన చేయి అలవాటు పడ్డ రూపాన్నే గీస్తాడు. సిరియాలోని దూరా యూరోపస్‌లో, పర్షియన్లు 256 ప్రాంతంలో ఆ పట్టణాన్ని కూల్చకముందు, ఒక ఇంటిని చర్చిగా మార్చుకున్నారు. బాప్తిస్మపు తొట్టి పైన కాపరి బొమ్మ ఉంది. అదే పట్టణంలో గోడల నిండా బొమ్మలున్న యూదుల సమాజమందిరం, మిత్ర దేవుడి గుడి కూడా బయటపడ్డాయి. ఎవరి చిత్రకారుడు ఎవరి గోడ మీద పనిచేశాడో ఊహించుకోవచ్చు.

పని చేసేవాడి చేతి అలవాటు రాతి శవపేటికల మీద ఇంకా స్పష్టం. రోమ్‌లోని సాంతా మరియా అంతీక్వా పేటిక 3వ శతాబ్దిది. దాని మీద చేప కక్కేసిన బైబిలు ప్రవక్త యోనా సొరపాదు కింద నగ్నంగా, ఒక చేయి తలమీదుగా వేసుకుని పడుకున్నాడు. ఆ భంగిమ చంద్రదేవత ప్రేమించిన నిద్రాలోలుడు ఎండిమియన్‌ది. శిల్పుల పనిశాలలో ఎండిమియన్ అచ్చులు చాలా ఉండేవి. యోనా కథ ఎండిమియన్ కథ నుంచి వచ్చిందని దీన్ని చూసి ఎవరూ అనరు. సిలువ గురించి, మరియమ్మ గురించి మాత్రం సరిగ్గా ఇలాంటి ఆధారంతోనే అనేస్తారు.

సూర్యుడి విషయంలో సంబంధం ఇంతకంటే దగ్గరది. వాటికన్ బసిలికా కింది శ్మశానంలో జూలీ కుటుంబపు సమాధి గది పైకప్పున, బంగారు రంగు మొజాయిక్‌లో ఒక మూర్తి రథం మీద ఆకాశానికి ఎక్కుతోంది, తల చుట్టూ కిరణాలు ఉన్నాయి. అది చూపుకు హీలియోస్ దేవుడే. చుట్టూ ద్రాక్షతీగలు, గోడల మీద యోనా, జాలరి, కాపరి ఉండటంతో ఎక్కువమంది పండితులు దాన్ని క్రీస్తుగా గుర్తిస్తారు. మలాకీ గ్రంథంలోని నీతి సూర్యుడి భావం వారికి దారి చూపి ఉండవచ్చు. కానీ ఆ దారిలో తిరుగు ప్రయాణం కూడా జరిగింది. 5వ శతాబ్ది మధ్యలో పోప్ లియో తన క్రిస్మస్ ప్రసంగంలో, సెయింట్ పీటర్ బసిలికా మెట్లెక్కి, లోపలికి పోయే ముందు వెనక్కి తిరిగి ఉదయిస్తున్న సూర్యుడికి తలవంచే విశ్వాసులను మందలించాడు. పాత అర్థం బొమ్మతో పాటు వచ్చిందనడానికి దొరికే కొద్ది సాక్ష్యాల్లో ఇదొకటి, అదీ చర్చి పెద్ద నోటి నుంచే.

కాంతివలయం హెలెనిస్టిక్ కళలో హీలియోస్‌కు, కుషాణుల నాణేల మీద బుద్ధుడికి, గాంధార శిల్పాలకు, రోమన్ చక్రవర్తులకు ఉంది. క్రీస్తుకు వచ్చింది 4వ శతాబ్దిలో. అది మొదట పవిత్రతకు కాక అధికారానికి గుర్తు అనడానికి రోమ్‌లోని సాంతా మరియా మజోరే చర్చి మొజాయిక్ చాలు. అందులో శిశువులను చంపించిన హేరోదు తల వెనక కూడా వలయం ఉంది. రవెన్నాలోని సాన్ వితాలే చర్చిలో 6వ శతాబ్ది చక్రవర్తి జస్టీనియన్‌కు, రాణి థియొడోరాకూ ఉంది.

బిడ్డకు పాలిచ్చే ఐసిస్ దేవత నుంచి పాలిచ్చే మరియ బొమ్మ వచ్చిందన్న మాట పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే పోలిక కాదనలేనిది. అయితే ఈజిప్టులో పాలిచ్చే మరియ చిత్రాలు ఎక్కువగా దొరికేది సక్కారా, బావిత్ మఠాల్లో, 6-7 శతాబ్దాల నుంచి. ఫిలేలోని ఐసిస్ గుడిని జస్టీనియన్ 530ల్లో మూయించేనాటికి మిగతా ఈజిప్టులో ఆమె పూజ ఏనాడో సన్నగిల్లింది. మధ్యలోని ఖాళీని పూడ్చే బొమ్మలు తగినన్ని దొరకలేదు. తల్లి బిడ్డకు పాలిచ్చే దృశ్యానికి మతం నుంచి అనుమతి అవసరమా అన్నది పక్కనే నిలిచే ప్రశ్న.

సిలువ

క్రైస్తవులు సిలువను ఆలస్యంగా, కాన్‌స్టంటైన్ కాలంలో తెచ్చుకున్నారన్నది ఒక ప్రచారం. బొమ్మగా ఆలస్యమైన మాట నిజం. గుర్తుగా కాదు. ‘బర్నబా పత్రిక’ అనే 2వ శతాబ్ది తొలి దశల రచన అబ్రాహాము 318 మంది సేవకుల సంఖ్యలో సిలువను చూస్తుంది. గ్రీకులో 300 అంకెకు వాడే అక్షరం ‘టి’ ఆకారంలో ఉంటుంది, మిగిలిన 18 యేసు పేరులోని మొదటి రెండు అక్షరాలు. సుమారు 200 నాటి పపైరస్ ప్రతుల్లో, సిలువ అనే మాట వచ్చినచోట లేఖకులు తౌ, రో అక్షరాలను ఒకదానిమీద ఒకటి రాశారు. చూస్తే వేలాడే మనిషి బొమ్మలా కనిపిస్తుంది. అమెరికన్ పండితుడు లారీ హుర్టాడో దీన్ని తొలి సిలువ చిత్రంగా పరిగణించాడు. అదే కాలంలో క్రైస్తవ రచయిత టెర్టూలియన్, అడుగు తీసి అడుగు వేసేటప్పుడల్లా క్రైస్తవులు నుదుట సిలువ గుర్తు వేసుకుంటారని రాశాడు.

బయటివాళ్లకూ ఇది తెలుసు. రోమ్‌లోని పాలటీన్ కొండ మీద 1857లో బయటపడిన గోడ గీతలో గాడిద తల మనిషి సిలువ మీద ఉన్నాడు, కింద ఒకడు చేయెత్తి నిలుచున్నాడు. అలెక్సమెనోస్ తన దేవుణ్ని కొలుస్తున్నాడని పక్కన గ్రీకులో ఎగతాళి ఉంది. సిలువ వేయడం బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే నీచమైన శిక్ష. ఆ శిక్ష ఇంకా అమల్లో ఉండగా దాన్ని గోడల మీద చిత్రించుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? సిలువ మీది క్రీస్తు రోమ్‌లోని సాంతా సబీనా చర్చి చెక్క తలుపుల మీద, బ్రిటిష్ మ్యూజియంలోని దంతపు పలకల మీద కనిపించేది 420-430 ప్రాంతంలో. అప్పటికి ఆ శిక్షను కళ్లారా చూసిన తరం గతించింది.

సిలువ ఆకారం లోకమంతటా ఉందని మొదట చెప్పింది కూడా క్రైస్తవులే. 2వ శతాబ్ది మధ్యలో జస్టిన్ రోమన్ చక్రవర్తిని ఉద్దేశించి రాసిన సమర్థనలో, ఓడ తెరచాప కొయ్య, నాగలి, చేతులు చాచిన మనిషి, మీ సైన్యపు ధ్వజాలు అన్నీ సిలువలే కదా అన్నాడు. మీ సైనికులు పూజించే జెండా కర్రలు బంగారు పూత పూసిన సిలువలు కావా అని మినూసియస్ ఫెలిక్స్ ఎదురు ప్రశ్న వేశాడు. పురాతన సమాధి కుండల మీద అడ్డగీత నిలువుగీత చూపించి ఇదిగో మూలం అనే నేటి వాదం, జస్టిన్ జాబితాను తలకిందులు చేసిందే. రెండు గీతలు ఒకదాన్నొకటి ఖండించే ఆకారం మనిషి గీసే మొదటి ఆకారాల్లో ఒకటి. స్వస్తిక రూపం రోమ్ భూగర్భ సమాధుల్లో కనిపిస్తుంది. అది భారతదేశం నుంచి వెళ్లిందనడానికి గానీ, వెళ్లలేదనడానికి గానీ ఆకారం ఒక్కటే సాక్ష్యం కాదు.

క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలు కలిపిన ఖి-రో చిహ్నానికి ముందు జన్మ ఉన్న సంగతి నాణేలే చెబుతాయి. క్రీ.పూ. 3వ శతాబ్ది ఈజిప్టు రాజు మూడో టాలెమీ కంచు నాణేల మీద డేగ కాళ్ల మధ్య సరిగ్గా ఆ రెండక్షరాల ముద్ర ఉంది. గ్రీకు లేఖకులు పుస్తకం అంచున ‘పనికొచ్చే భాగం’ అని సూచించడానికీ దాన్ని రాసుకునేవారు. 312లో మిల్వియన్ వంతెన యుద్ధానికి ముందు కాన్‌స్టంటైన్ కలలో చూసిన ఆజ్ఞ ప్రకారం సైనికుల డాళ్ల మీద క్రీస్తు గుర్తు వేయించాడని లాక్టాన్షియస్ రాశాడు. పట్టపగలు సూర్యుడి మీద వెలుగు సిలువ కనిపించిందని యూసేబియస్ తర్వాత రాశాడు. టిసీనమ్ టంకశాలలో 315లో ముద్రించిన వెండి పతకంలో చక్రవర్తి శిరస్త్రాణం మీద ఖి-రో ఉంది. అదే చక్రవర్తి నాణేల మీద అజేయ సూర్యదేవుడు 325 ప్రాంతం దాకా కొనసాగాడు. 321లో ఆదివారం సెలవు చట్టం ఆ రోజును సూర్యుడి పూజ్యమైన దినంగా పేర్కొంది. కాన్‌స్టంటైన్ ఎంతవరకు క్రైస్తవుడు అన్న ప్రశ్నకు ఇవి సామగ్రి. సిలువ పుట్టుకకు మాత్రం కావు, ఎందుకంటే పపైరస్ లేఖకులు ఆయనకు నూరేళ్లు ముందున్నారు.

నిజంగా ఒక అన్యమత చిహ్నం క్రైస్తవ సిలువగా మారిన సందర్భం ఈజిప్టులో ఉంది, దాని కథ తొలి చర్చి చరిత్రకారులే రాశారు. 391లో అలెగ్జాండ్రియాలోని సెరాపిస్ గుడిని కూల్చినప్పుడు రాళ్ల మీద సిలువలాంటి చిత్రాక్షరాలు బయటపడ్డాయి. అవి మావంటే మావని రెండు పక్షాలూ వాదించుకున్నాయని సోక్రటీస్ స్కొలాస్టికస్ తన చర్చి చరిత్రలో నమోదు చేశాడు. ఆ లిపి తెలిసినవారు దాని అర్థం రాబోయే జీవం అని చెప్పారట. అది జీవానికి గుర్తైన ‘అంఖ్’. కోప్టిక్ క్రైస్తవులు దాన్ని పిడి ఉన్న సిలువగా నిస్సంకోచంగా వాడుకున్నారు. న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలోని ఒక కోప్టిక్ అపొస్తలుల కార్యముల ప్రతి చివర పుటంతా రంగుల అంఖ్ సిలువ, చుట్టూ పక్షులు ఉన్నాయి. తీసుకున్న సంగతి దాచుకోని ఈ ఒక్క ఉదాహరణ తప్పిస్తే, సిలువకు అన్యదేవత మూలం చూపే ప్రయత్నాలు బలహీనం. తమ్మూజు పేరులోని మొదటి అక్షరం సిలువ అయిందన్నది వాటిలో ప్రసిద్ధం. యెహెజ్కేలు 8వ అధ్యాయంలో స్త్రీలు తమ్మూజు కోసం ఏడవడం నిజమే. కానీ ఆ దేవుడి పూజలో సిలువ వాడినట్టు మెసపొటేమియా శాసనాలేవీ చెప్పవు. ఆ తర్వాతి అధ్యాయంలోనే, ప్రాణాలు కాపాడవలసినవారి నుదుట వేసే గుర్తు హీబ్రూ ‘తౌ’ అక్షరం, పాత లిపిలో దాని ఆకారం సిలువ. తొలి క్రైస్తవ వ్యాఖ్యాతలు పట్టుకున్నది దీన్ని.

డిసెంబరు 25, ఈస్టర్

క్రీస్తు జననాన్ని డిసెంబరు 25న నమోదు చేసిన తొలి పత్రం ‘354 కాలక్రమణిక’. ‘అజేయుడి’ (సూర్యదేవుడి) పుట్టినరోజు అదే తేదీన ముప్ఫై రథ పందేలతో జరిగేదని నమోదు చేసిన తొలి పత్రం కూడా అదే. ఒకే పుస్తకంలో రెండు పండుగలూ ఉన్నప్పుడు ఏది ముందు? అరేలియన్ 274లో రోమ్‌లో సూర్యుడికి గుడి కట్టించాడు కనుక సూర్యుడి పండుగే ముందని హెర్మన్ ఉజెనర్ మొదలైనవారు చెప్పారు. ఆ సూర్యదేవుడి పెద్ద క్రీడలు అక్టోబరులో జరిగేవని, డిసెంబరు పండుగ పాతదనడానికి ఆధారం లేదని స్టీవెన్ హైమన్స్ వంటి ఇటీవలి పరిశోధకులు ఎత్తిచూపారు. మరో వివరణ లూయీ దుషేన్ 1889లో ఇచ్చాడు. యేసు మరణం మార్చి 25న జరిగిందన్న లెక్క టెర్టూలియన్ కాలానికే ఉంది. గర్భధారణ కూడా అదే తేదీన జరిగిందనుకుంటే తొమ్మిది నెలలకు డిసెంబరు 25 వస్తుంది. పుట్టుకను అన్యుల పండుగ రోజుకు మార్చారని సూటిగా చెప్పే వ్యాఖ్య 12వ శతాబ్ది సిరియాలో బార్ సలీబీ గ్రంథం అంచున దొరుకుతుంది. సాక్ష్యం అనడానికి అది మరీ ఆలస్యం. మిత్ర దేవుడు డిసెంబరు 25న కన్యకు పుట్టాడన్న ప్రచారానికి ప్రాచీన ఆధారం లేదు. శిల్పాలు ఆయన రాతిలోంచి పుట్టినట్టే చూపుతాయి.

ఈస్టర్ పేరు ఆంగ్లో-శాక్సన్ దేవత ఎయోస్త్రె నుంచి వచ్చిందని చెప్పింది బీడ్ అనే సన్యాసి, 725లో, నెలల పేర్లు వివరిస్తూ. 1958లో జర్మనీలో దొరికిన రోమన్ కాలపు శిలల మీద ‘ఆస్ట్రియాహెనై’ అనే మాతృదేవతల పేరు ఉండటంతో ఆయన మాట కల్పన కాకపోవచ్చన్న అభిప్రాయం బలపడింది. అయితే పునరుత్థాన పండుగ ఇంగ్లండుకు చేరకముందే, 2వ శతాబ్దిలోనే, ఆసియా మైనరు చర్చిలు దాని తేదీ గురించి రోమ్‌తో తగువు పడ్డాయి. మెసపొటేమియా దేవత ఇష్టారుతో ముడిపెట్టే కథకు ఏ ఆధారమూ లేదు. గుడ్లు, కుందేలు ఎయోస్త్రెవన్న మాట యాకబ్ గ్రిమ్ 1835లో ‘ఓస్తారా’ అనే దేవతను ఊహించిన తర్వాత పెరిగిందే. ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాస దినాల్లో గుడ్లు తినరాదు, కోళ్లు మాత్రం పెట్టడం మానవు, పండుగ నాటికి గుడ్లు పేరుకుపోతాయి. ఈస్టర్ కుందేలు మొదటిసారి 1682 నాటి ఒక జర్మన్ వైద్యుడి రచనలో కనిపిస్తుంది. క్రిస్మస్ చెట్టు 16వ శతాబ్ది అల్సాస్ ప్రాంతానిది, 1605లో స్ట్రాస్‌బర్గ్ ఇళ్లలో దాని వర్ణన ఉంది. యిర్మీయా 10వ అధ్యాయం చూపించి దాన్ని నిషేధించే సంఘాలు తెలుగునాట కూడా ఉన్నాయి, కానీ ఆ వాక్యాల్లో చెక్కి వెండిబంగారాలు పొదిగేది విగ్రహం.

వాదం నడిచిన తీరు

పోలికలను తొలి క్రైస్తవులు కాదనలేదు. ప్రభువు భోజనంలాంటిది మిత్ర ఆరాధనలోనూ ఉందని జస్టిన్ ఒప్పుకుని, దయ్యాలు ముందే కాపీ కొట్టాయని వివరించాడు. ఆ వివరణ నేడు ఎవరికీ రుచించదు గానీ, పోలిక కనబడిందన్న దానికి అది మంచి రుజువు. అగస్టీన్ దారి వేరు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బంగారాన్ని తీసుకుపోయినట్టే అన్యుల మంచిని తీసుకోవచ్చన్నాడు. 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండు వెళ్తున్న మెల్లిటస్‌కు, గుళ్లు కూల్చవద్దు, విగ్రహాలు మాత్రం తీసేసి పవిత్రజలం చల్లి చర్చిలుగా వాడండి అని రాశాడు. అంతకు కొద్దికాలం ముందు ఇంగ్లండులోని కెంట్ రాజుకు గుళ్లు కూల్చమనే రాసి, తర్వాత మనసు మార్చుకున్నాడు.

సంస్కరణోద్యమం వచ్చాక ఇదే వారసత్వం నేరారోపణగా మారింది. 1729లో కానియర్స్ మిడిల్టన్ అనే ఆంగ్లికన్ పండితుడు రోమ్ నుంచి రాసిన లేఖ రూపంలో, కాథలిక్ ధూపం, పవిత్రజలం, దీపాలు, ఊరేగింపులు పాత రోమన్ మతానివేనని వరసగా చూపాడు. మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా అని 1659లో చట్టం చేసి, 1681లో రద్దు చేశారు. ఈ పరంపరలో అత్యంత ప్రభావం చూపింది స్కాట్లండు పాస్టరు అలెగ్జాండర్ హిస్లప్. ఆయన 1853లో కరపత్రంగా వేసి 1858లో పెద్ద పుస్తకంగా విస్తరించిన ‘రెండు బబులోనులు’, రోమన్ కాథలిక్ మతమంతా పాత బబులోను రాజు నిమ్రోదు, రాణి సెమిరామిస్‌ల పూజేనంది. నీనెవె తవ్వకాల వార్తలతో ఊరూవాడా మార్మోగుతున్న రోజులవి. బిషప్ తలపాగా ఫిలిష్తీయుల దేవుడు దాగోను చేప నోరని ఆయన చెప్పిన మాట నేటికీ తిరుగుతోంది. ఆ తలపాగా 11వ శతాబ్ది ప్రాంతంలో మామూలు శంకు ఆకారపు టోపీగా మొదలై, తర్వాతి శతాబ్దంలో రెండు కొనలు తెచ్చుకుంది. చేప తోలు కప్పుకున్న మెసపొటేమియా శిల్పాల్లోని మూర్తులు దాగోను కాదని కూడా ఇప్పుడు తెలుసు.

హిస్లప్‌కు ఎనిమిదేళ్లు ముందే కాథలిక్ పక్షాన జాన్ హెన్రీ న్యూమన్, 1845లో, ధూపం, దీపాలు, పవిత్రజలం, ఉంగరం అన్యమతాల్లోంచే వచ్చాయనీ, చర్చి స్వీకరించి పవిత్రం చేసిందనీ నిర్భయంగా రాశాడు. ఆరోపణనే ఒప్పుకోలుగా మార్చిన ఈ పద్ధతికి ప్రత్యర్థుల దగ్గర జవాబు కరువైంది. ఆ తర్వాత జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’ (1890) చచ్చి బతికే దేవుళ్లందరినీ ఒక వరసలో నిలబెట్టింది. శామ్యూల్ శాండ్‌మెల్ 1962లో పోలికల పిచ్చి మీద హెచ్చరించాడు. జొనథన్ జెడ్ స్మిత్ 1990లో, ఈ పోలికల అధ్యయనమే ప్రొటెస్టెంటు-కాథలిక్ తగాదా నుంచి పుట్టిందని వాదించాడు. ఆధునిక పాఠకుడు శాస్త్రీయం అనుకుని చదివే పట్టికల్లో చాలా భాగం ఆ తగాదా సామగ్రే. హిస్లప్ మాటల్ని 1966లో తన పుస్తకం ద్వారా లక్షలమందికి చేర్చిన అమెరికన్ సువార్తికుడు రాల్ఫ్ వుడ్రో, మూలాలు తనే సరిచూసుకున్నాక ఆ పుస్తకాన్ని అచ్చులోంచి తీసేసి, 1997లో దాన్ని ఖండిస్తూ మరో పుస్తకం రాశాడు. మొదటి పుస్తకానికే పాఠకులు ఎక్కువ.

దక్షిణ భారతంలో

ఇదే వివాదం మన ప్రాంతంలో ఎదురు దిశలో నడిచింది. పాత చిహ్నం కొత్త మతంలోకి రావచ్చా అన్నది ఇక్కడ చరిత్ర ప్రశ్నగా కాక బతుకు ప్రశ్నగా వచ్చింది. మద్రాసు పరంగిమలై మీద 1547లో పోర్చుగీసులకు దొరికిన పహ్లవీ శాసనపు సిలువ అడుగున రేకులు ఉన్నాయి. అవి తామర రేకులా, పర్షియా చర్చి సిలువలకు ఉండే ఆకులా అన్నది చర్చే. చైనాలో షియాన్ దగ్గరి 781 నాటి శిల మీద సిలువ తామర మీద నిలిచిందన్నదాంట్లో మాత్రం సందేహం లేదు.

1606లో మదురై చేరిన రాబర్ట్ డి నొబిలి కాషాయం కట్టి, జందెం, గంధం, పిలక ఉంచుకోవచ్చన్నాడు. అవి మతం కావు, కులమర్యాదలని ఆయన వాదన. పోప్ 15వ గ్రెగరీ 1623లో సమ్మతించాడు. 1703లో పాండిచ్చేరికి వచ్చిన పోప్ దూత టూర్నాన్ మరుసటి ఏడాది తిరగబడ్డాడు. వినాయకుడి బొమ్మ ఉన్న తాళి కట్టడాన్ని నిషేధించి, సిలువ బొమ్మ వేసుకోమన్నాడు. తెలుగు ప్రాంతంలో అప్పుడే పాదం మోపుతున్న ఫ్రెంచి జెసూట్ల కర్ణాటక మిషన్ మీద ఆ ఆజ్ఞ పిడుగులా పడింది. 1744లో పోప్ 14వ బెనెడిక్ట్ నిషేధాన్ని ఖాయం చేశాడు. దాన్ని పాటిస్తామని మిషనరీలు ప్రమాణం చేయవలసి వచ్చేది. ఆ ప్రమాణం రద్దయింది 1940లో. తాళిబొట్టు మీద సిలువ ఉండటం తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఇప్పుడు సాధారణం. బొట్టు మాత్రం చాలా సంఘాల్లో ఇప్పటికీ తేలని తగవు.

డోర్నకల్ కెథడ్రల్‌ను బిషప్ వి.ఎస్. అజరయ్య 1939లో ప్రతిష్ఠించాడు. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాలు కలిపి కట్టించిన ఆ చర్చిలో అరువును దాచే ప్రయత్నం ఎక్కడా లేదు. గుణదల కొండ మీద మేరీమాత ఉత్సవాల్లో తలనీలాలిచ్చేవారు, కొబ్బరికాయలు కొట్టేవారు ఎవరి అనుమతీ అడగలేదు. 1969 ఏప్రిల్‌లో భారత కాథలిక్ బిషప్పుల కోరిక మీద వాటికన్ పన్నెండు మార్పులకు అంగీకరించింది. కింద కూర్చుని ఆరాధించడం, అంజలి, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తుల చోట నూనె దీపాలు, ఆరతి వాటిలో ఉన్నాయి. ఇది చర్చిని హిందూమతంలో కలిపేయడమని కొందరు కాథలిక్కులు అడ్డుకున్నారు. ఇది మా చిహ్నాలను దొంగిలించి మతం మార్చే ఎత్తుగడ అని కొందరు హిందూ రచయితలు పుస్తకాలు రాశారు. ఆరతి పళ్లెం చాలా చర్చిల్లో ఇప్పటికీ పెద్ద పండుగలకే బయటికొస్తుంది, కొన్నిట్లో అదీ లేదు.